ర్యాంగెల్ దీవి నుంచి ఒక్కతే

ఆర్కిటిక్‌లోని ర్యాంగెల్ దీవికి 1921లో వెళ్లిన అయిదుగురిలో ప్రాణాలతో తిరిగివచ్చింది ఏడా బ్లాక్‌జాక్ ఒక్కతే. ఆమె అలాస్కా ఆదివాసులైన ఇన్యుపియాట్ తెగకు చెందిన స్త్రీ కాబట్టి మంచులో బతకడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య అన్నట్టు రాసేవారు కొందరున్నారు. ఆమె జీవితాన్ని కాస్త పరిశీలించినా ఆ మాట నిలవదు. 1898లో అలాస్కా పశ్చిమ తీరాన ఒక చిన్న పల్లెలో పుట్టిన ఏడా, నోమ్ పట్టణంలో మెథడిస్టు మిషనరీల వద్ద పెరిగింది. అక్కడ ఆమె నేర్చుకున్నవి కుట్టుపని, వంట, కాస్త ఇంగ్లిషు చదువు. తుపాకీ పట్టడం గాని, ఉచ్చులు పన్నడం గాని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పైగా ధ్రువపు ఎలుగుబంటి అంటే విపరీతమైన భయం.

ర్యాంగెల్ దీవి యాత్రకు ఆమె ఒప్పుకున్నది డబ్బు కోసం. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు చనిపోయారు, భర్త వదిలేశాడు, మిగిలిన ఒక్క కొడుకు బెన్నెట్‌కు క్షయ. వాడిని వెంటబెట్టుకుని, నడవలేనప్పుడు ఎత్తుకుని, అరవై కిలోమీటర్లకు పైగా నడిచి నోమ్ చేరింది. వైద్యం చేయించే స్తోమత లేక పిల్లవాడిని అనాథాశ్రమంలో ఉంచాల్సివచ్చింది. అటువంటి సమయంలో ఆ యాత్రలో నెలకు 50 డాలర్ల జీతంతో దర్జీ పని ఉందని కబురొచ్చింది. ధ్రువ ప్రాంతంలో అది చిన్న పనేమీ కాదు. తోలు దుస్తుల కుట్టు ఒక్కచోట విడిపోయినా చలిగాలి చొరబడి వేలో, పాదమో గడ్డకట్టి చచ్చుబడిపోతుంది.

ఈ యాత్రను తలపెట్టిన విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ పేరుమోసిన కెనడా అన్వేషకుడు. సైబీరియా తీరానికి ఉత్తరాన దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ర్యాంగెల్ దీవి మీద బ్రిటిష్ జెండా పాతించి, దాన్ని కెనడాకు సంపాదించిపెట్టాలన్నది ఆయన పథకం. తాను మాత్రం వెళ్లలేదు. ఇరవై ఏళ్ల అలన్ క్రాఫర్డ్‌ను నాయకుడిగా పెట్టి, లార్న్ నైట్, ఫ్రెడ్ మారర్, మిల్టన్ గాల్ అనే మరో ముగ్గురు యువకులను పంపాడు. తోడు వస్తామన్న స్థానిక కుటుంబాలు చివరి క్షణంలో వెనక్కు తగ్గగా, ఏడా ఒక్కతే మిగిలింది. 1921 సెప్టెంబరులో ఈ అయిదుగురూ, విక్ అనే పిల్లీ ఆ దీవిలో దిగారు. వెంట తీసుకువెళ్లిన ఆహారం ఆరు నెలలకే సరిపోతుంది. వేట తెలిసినవాడికి ఆర్కిటిక్‌లో తిండికి కొదవ ఉండదని స్టెఫాన్సన్ గట్టిగా నమ్మేవాడు. ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. మొదటి ఏడాది వేట బాగానే దొరికింది. కాని జంతువులు రుతువును బట్టి, సముద్రపు మంచు కదలికను బట్టి వచ్చిపోతుంటాయి. అవి రాని ఏడాది ఏం చేయాలన్నదానికి ఆ సిద్ధాంతంలో జవాబు లేదు. 1922 వేసవిలో సరుకులతో బయలుదేరిన ఓడ మంచును దాటలేక వెనుదిరిగింది. ఆ తరువాత వేటా తగ్గిపోయింది.

1923 జనవరిలో క్రాఫర్డ్, మారర్, గాల్ సహాయం కోసం గడ్డకట్టిన సముద్రం మీదుగా సైబీరియా వైపు బయలుదేరారు. వారి జాడ ఆ తరువాత ఎవరికీ తెలియలేదు. దీవిలో ఏడా, పిల్లి, స్కర్వీతో మంచం పట్టిన నైట్ మిగిలారు.

స్కర్వీ అంటే ఒంట్లో విటమిన్ సి నిండుకోవడం. జంతువులలో చాలా భాగం ఈ విటమిన్‌ను గ్లూకోజు నుంచి తామే తయారుచేసుకుంటాయి. ఆ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైము తాలూకు జన్యువు మనుషుల్లో, కోతుల్లో, గినీ పిగ్‌లలో ఎన్నడో పాడైపోయింది. అందువల్ల మనకు అది తిండి ద్వారానే అందాలి. మన శరీరంలో ఉండే నిల్వ సుమారు 1,500 మిల్లీగ్రాములు. అది 300 దగ్గరికి పడిపోయేసరికి జబ్బు బయటపడుతుంది. బొత్తిగా అందనప్పుడు ఇందుకు ఒకటి నుంచి మూడు నెలలు చాలు. చర్మాన్నీ, రక్తనాళాలనూ, చిగుళ్లనూ పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీను గట్టిపడాలంటే విటమిన్ సి తప్పనిసరి. అది లేకపోతే కొత్తగా తయారయ్యే కొల్లాజెన్ పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుని నిలవలేవు. చిగుళ్లు వాచి నెత్తురు కారుతాయి, పళ్లు కదులుతాయి, చర్మం కింద నల్లని మచ్చలు లేస్తాయి, ఎప్పుడో మానిన గాయాలు సైతం మళ్లీ తెరుచుకుంటాయి.

కూరగాయలు మొలవని చోట విరుగుడు తాజా మాంసమే. తమ విటమిన్‌ను తామే తయారుచేసుకునే జంతువుల కండలో అది కొద్దిగా, కాలేయంలో దండిగా ఉంటుంది. పచ్చి సీల్ కాలేయం వంద గ్రాములలో ఇరవై మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. స్కర్వీ రాకుండా కాపాడటానికి రోజుకు పది మిల్లీగ్రాములు చాలు. అయితే ఎక్కువసేపు ఉడికిస్తే అందులో చాలా భాగం నశిస్తుంది. ఇక పిండి, గట్టి బిస్కెట్లు వంటి నిల్వ సరుకుల్లో అది లేనట్టే లెక్క. అప్పటికి విటమిన్ సిని ఎవరూ విడిగా వేరుచేయలేదు గాని, తాజా మాంసం స్కర్వీని నయం చేస్తుందని స్టెఫాన్సన్‌కు బాగా తెలుసు. నైట్‌కు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే 1917లో స్టెఫాన్సన్ వెంట తిరిగినప్పుడు అతనికి ఇదే జబ్బు వచ్చి, తాజా మాంసంతోనే తగ్గింది. ఇప్పుడు అతనికి వైద్యం తెలుసు, మందు దొరకలేదు.

ఆ మందును వెతికే పని ఏడా మీద పడింది. ఉచ్చులు పన్నడం చేసి చూసి నేర్చుకుని, ఫిబ్రవరిలో తొలి నక్కను పట్టింది. కాని ఆర్కిటిక్ నక్క బరువు మూడు నాలుగు కిలోలే, అందులోనూ ఎముకలు, తోలు తీసేయగా మిగిలేది కొంచెం. వంద గ్రాముల కండలో ఒకటి రెండు మిల్లీగ్రాముల విటమిన్ ఉంటుందనుకున్నా, ఒక మనిషికి రోజూ అర కిలోకు పైగా పచ్చి మాంసం కావాలి. చిగుళ్లు పుండ్లయినవాడు అంత నమిలి మింగడం సాధ్యమా? కట్టెలు కొట్టడం, ఉచ్చులు చూసిరావడం, రోగికి సపర్యలు చేయడం అన్నీ అయిదడుగులైనా లేని ఆ మనిషే చేసేది. అయినా నైట్ ఆమెను తిట్టిపోసేవాడు. తాను చనిపోతే తన వస్తువులన్నీ బెన్నెట్‌కు చేర్చమని ఆమె ఒక కాగితం రాసిపెట్టింది. అందులో బడి పుస్తకాల సంచిని ప్రత్యేకంగా పేర్కొంది.

జూన్ 23న నైట్ చనిపోయాడు. ఏ సమయంలో పోయాడో తనకు తెలియదని, తేదీ స్టెఫాన్సన్‌కు తెలియాలని రాస్తున్నానని ఆమె టైపు మిషను మీద నమోదు చేసింది. శవాన్ని కదపలేక, నిద్రసంచిలోనే ఉంచి, జంతువులు రాకుండా పెట్టెలు అడ్డుపెట్టి, తాను సరుకుల డేరాలోకి మారింది. ఖాళీ టీ డబ్బాలను గురిగా పెట్టుకుని కాల్చడం నేర్చుకుంది. ఎలుగుబంట్లను దూరం నుంచే పసిగట్టడానికి మంచె కట్టుకుంది. కొట్టుకువచ్చిన కర్రలతో చట్రం చేసి, దానికి కాన్వాసు గుడ్డ చుట్టి పడవ తయారుచేసింది. వేసవితో పక్షులు, గుడ్లు, సీల్‌లు వచ్చాయి. నైట్‌కు కావలసిన తిండి అతను పోయాక సమృద్ధిగా దొరకసాగింది.

ఆగస్టులో హెరాల్డ్ నోయిస్ నాయకత్వంలో డొనాల్డ్‌సన్ అనే ఓడ వచ్చేసరికి ఆమెతోపాటు విక్ కూడా ప్రాణాలతో ఉంది. మొదట ఆమెను పొగిడిన నోయిస్, తరువాత నైట్‌ను ఆమె పట్టించుకోలేదని పత్రికల్లో నిందమోపాడు. నైట్ తల్లిదండ్రులు ఆమెను స్వయంగా కలిసి మాట్లాడి, ఆమె పక్షాన నిలిచారు. నోయిస్ చివరకు తన మాట వెనక్కు తీసుకున్నాడు. నాకైతే ఆ నింద శాస్త్రరీత్యానూ నిలవదనిపిస్తుంది. రోజుల తరబడి ఖాళీగా ఉన్న ఉచ్చుల నుంచి పది మిల్లీగ్రాముల విటమిన్‌ను తీయడం ఏ నర్సుకూ సాధ్యం కాదు.

చేతికొచ్చిన జీతంతో ఏడా బెన్నెట్‌ను సియాటిల్‌కు తీసుకువెళ్లి క్షయకు వైద్యం చేయించింది. ర్యాంగెల్ దీవిని 1924లో సోవియట్ ఓడ స్వాధీనం చేసుకుంది. బెన్నెట్ 1972 వరకు, ఏడా 1983 వరకు జీవించారు.