పెట్టుబడి సాయం పాస్‌బుక్కుకే ఎందుకు పోతోంది?

విత్తనాలు, మందుకట్టలు అప్పు మీద తెచ్చి, దుక్కి దున్నించి, నాట్లు వేయించేది ఒకరు. ‘మీ ఖాతాలో డబ్బు జమ అయింది’ అన్న మెసేజ్ వచ్చేది ఇంకొకరి ఫోన్‌కి. కౌలు రైతు ఏటా చూసేది ఇదే. ఈ అన్యాయం ఇప్పటి పెట్టుబడి సాయం పథకాల కన్నా పాతది.

2008లో కేంద్రం రైతు రుణాలు మాఫీ చేసింది. అది బ్యాంకు అప్పులకే వర్తించింది. పేరు మీద భూమి లేని మనిషికి బ్యాంకు అప్పు పుట్టడమే కష్టం. అతని బాకీలు ఎరువుల కొట్టులో, వడ్డీ వ్యాపారి దగ్గర ఉంటాయి. ఆ బాకీలు మాత్రం అలాగే మిగిలాయి.

పదేళ్లకు ఆలోచన మారింది. పంట పోయాక మాఫీ కన్నా విత్తే ముందే చేతికి డబ్బివ్వడం మేలనుకున్నారు. మంచి ఆలోచనే. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు కింద తెలంగాణ ప్రభుత్వం పంటకు ఎకరాకు 4,000 రూపాయలిచ్చింది. అంతకుముందు ఏడాదే భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది కాబట్టి పట్టాదారుల జాబితా సిద్ధంగా ఉంది. సాయం ఆ జాబితా వెంటే నడిచింది. ఎకరాలకు పరిమితి లేదు, భూమి ఎంత ఎక్కువుంటే చెక్కు అంత పెద్దది.

2019 ఫిబ్రవరిలో పీఎం కిసాన్ వచ్చింది. ఏడాదికి 6,000, మూడు విడతల్లో. మొదట 2 హెక్టార్ల లోపు వారికే అన్నారు, కొన్ని నెలలకే ఆ హద్దు తీసేశారు. భూమి పేరు మీద ఉండాలన్న షరతు మాత్రం తీయలేదు. భూమిలేని కూలీలను, కౌలుదారులను కలుపుకున్న ఒడిశా ‘కాలియా’ పథకం అప్పటికే కళ్లముందుంది.

మరి కౌలు కాగితం మీదికి ఎందుకెక్కదు? తెలంగాణలో 1950, ఆంధ్రలో 1956 నాటి కౌల్దారీ చట్టాలు కౌలుదారుకు రక్షణగా వచ్చినవే. వాటివల్లే, కాగితం రాసిస్తే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో పాతుకుపోయింది. అందుకే కౌలంతా నోటిమాటే. ఆ భయం పోగొట్టాలని ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలల కార్డు ఇస్తామంది. దానికీ యజమాని సంతకం కావాలి. ‘కార్డూ గీర్డూ అంటే వచ్చే ఏడు వేరేవాళ్లకిస్తా’ అంటే ఇక నోరెత్తేదెవరు? అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన రైతు భరోసా సాయం కౌలుదారుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు చోటిచ్చింది. ఇన్నేళ్లలో అది చిన్న అడుగే అయినా, నిజమైన అడుగు.

తెలంగాణలో 2025 జనవరి 26న, రైతుబంధు స్థానంలో అదే రైతు భరోసా పేరుతో వచ్చిన పథకంతో పాటు, భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12,000 ఇచ్చే పథకమూ మొదలైంది. అది అందాలంటే ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. నాలుగెకరాలు కౌలుకు చేసే మనిషి, పొలం పని పక్కన పెట్టి ఉపాధి పని హాజరు పట్టీ (మస్టర్)లో పేరు రాయించుకుని, కూలీ లెక్కలో ఆ డబ్బు తీసుకోవాలి.