బడి పిల్లల ప్రాణాయామం, ధ్యానం: నేను రోజూ వినే అపోహలు

బడి పిల్లలకు ప్రాణాయామం, ధ్యానం నేర్పడం నా పని. తల్లిదండ్రులు అడిగేవి, టీచర్లు నమ్మేవి, పిల్లలు వీడియోల్లో చూసొచ్చి నా ముందు చేసి చూపించేవి, వీటిలో కొన్ని వింటే నిజంగా భయమేస్తుంది. అందుకే రాస్తున్నాను.

అపోహ: గట్టిగా ఊపిరి పీలిస్తే మెదడుకు ఆక్సిజన్ ఎక్కువగా అందుతుంది, చదివింది బాగా ఎక్కుతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే 95 శాతానికి పైన ఉంటుంది, కొత్తగా నింపడానికి అక్కడ పెద్దగా చోటే లేదు. గబగబా, గట్టిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో మెదడులోని రక్తనాళాలు కుంచించుకుపోయి అక్కడికి వెళ్లే రక్తం తగ్గుతుంది. కళ్లు తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, మూతి చుట్టూ జివ్వుమనడం అందుకే. దాన్ని చూసి శక్తి మేలుకుంటోందని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు, దయచేసి చెప్పకండి. వెంటనే ఆపించి మామూలుగా ఊపిరి తీసుకోమనండి.

మరి మనసు కుదుటపడేది దేనివల్ల? ముఖ్యంగా ఊపిరి వదలడం వల్ల. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరం చేసే పని ఇది, పిల్లల్లో ఈ తేడా పెద్దవాళ్లకంటే బాగా తెలుస్తుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి వదలమంటే చాలామంది పిల్లలు దీన్ని తమంతట తామే కనిపెట్టేస్తారు. అందుకే నేను మూడు అంకెలు లెక్కపెడుతూ పీల్చమని, నాలుగో ఐదో లెక్కపెడుతూ వదలమని చెప్తాను. అంతకు మించి సాగదీయను, ఎందుకంటే చిన్నపిల్లల శ్వాస సహజంగానే మనకంటే వేగంగా ఉంటుంది, పెద్దల లెక్క వాళ్లకు పెడితే మధ్యలో ఊపిరి అందక గుటకలు మింగుతారు.

ఇంకో సంగతి. ఏ పిల్లాడినైనా "దీర్ఘంగా ఊపిరి తీసుకో" అని చూడండి, భుజాలు చెవుల దాకా లేస్తాయి, పొట్ట లోపలికి పోతుంది, ముక్కు సర్రుమంటుంది. అంటే ఊపిరంతా పై ఛాతీలోనే ఆగిపోతోందన్నమాట. వెల్లకిలా పడుకోబెట్టి బొడ్డు మీద ఒక నోట్‌బుక్ పెట్టి, పుస్తకం లేవాలి, మళ్లీ దిగాలి, భుజాలు మాత్రం కదలకూడదు అంటే చాలు, ఎంత వివరించినా అర్థం కానిది కాసేపట్లోనే ఒంటికి తెలిసిపోతుంది.

అపోహ: ఊపిరి ఎంతసేపు బిగబట్టగలిగితే అంత గొప్ప.

పిల్లల దగ్గర ఇది వెంటనే పందెమైపోతుంది. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో ప్రాణాయామం నాలుగోది, ఆసనం కుదిరాకే దాని మాట వస్తుంది. స్థిరంగా కూర్చోవడమే ఇంకా రాని పిల్లలకు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, నేర్పాల్సిన తొందరేమీ లేదు. గబగబా, బలంగా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి కూడా చిన్నపిల్లలకు నేను నేర్పను. ఒక హెచ్చరిక మాత్రం ప్రతి క్లాసులోనూ చెప్తాను: ఈత కొట్టే ముందు గబగబా ఊపిరి తీసి వదిలి, ఆ తర్వాత బిగబట్టి నీళ్లలో మునగడం ప్రాణాంతకం. ఊపిరి తీసుకోవాలనే తహతహ పుట్టించేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడే. అది ముందే తగ్గిపోతే ఆ తహతహ మొదలవ్వకముందే నీళ్ల అడుగున స్పృహ తప్పొచ్చు. మీ పిల్లలకు ఈ ఒక్క మాటైనా ఈరోజే చెప్పండి.

అపోహ: ధ్యానమంటే ఆలోచనలు ఆగిపోవాలి, కళ్లు మూసే ఉండాలి.

"నాకు ఆలోచనలు వస్తున్నాయి, ధ్యానం రావట్లేదు" అని పిల్లలు దిగులుగా చెప్తుంటారు. ఆలోచన వచ్చిందని గమనించి మళ్లీ ఊపిరి మీదికి రావడమే అభ్యాసం, ఎన్నిసార్లు దారి తప్పితే అన్నిసార్లు అభ్యాసం జరిగినట్టే. ఇక కళ్ల విషయం. ఇంట్లో గొడవలో, భయపెట్టిన సంఘటనో మనసులో మెదిలే పిల్లలకు కళ్లు మూసుకుంటే టెన్షన్ పెరగొచ్చు. నేల మీద ఒక చోట చూపు నిలపమంటే సరిపోతుంది. బలవంతం అసలు వద్దు. క్లాసులో అల్లరి చేసినందుకు శిక్షగా ధ్యానంలో కూర్చోబెట్టడం అంతకంటే తప్పు, ఆ పిల్లాడు ఇక జన్మలో దాని జోలికి రాడు.

అపోహ: టైంటేబుల్‌లో ఒక పీరియడ్ పెడితే చాలు, పిల్లల ఒత్తిడి పోతుంది.

బ్రిటన్‌లో 85 స్కూళ్లలో, 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు ఎనిమిది వేలకు పైగా పాల్గొన్న మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరిగేదాన్ని గమనించే ధ్యాన సాధన) అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. అందరికీ కలిపి నేర్పిన ఆ పాఠాలు, స్కూళ్లలో అప్పటికే ఉన్న మానసిక, సామాజిక పాఠాలకంటే ఎక్కువ మేలు చేయలేదు. చాలామంది పిల్లలు ఇంట్లో సాధన చేయనేలేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లం ఈ ఫలితాన్ని దాచకూడదు. నాకు దీని నుంచి అర్థమైంది ఏంటంటే, వారానికొక పీరియడ్ ఉపన్యాసం కన్నా రోజూ రెండు మూడు నిమిషాలు, టీచర్ కూడా పిల్లలతో పాటు కూర్చుని చేస్తే దానికి నిలిచే అవకాశం ఎక్కువ.

అపోహ: ధ్యానంతో కళ్లకు గంతలు కట్టుకుని చదవొచ్చు.

చదవలేరు. ముక్కు పక్కన గంతకు, చెంపకు మధ్య సందు ఉంటుంది, పిల్లలు అందులోంచి కిందికి చూస్తారు. పుస్తకాన్ని కళ్లకు ఎదురుగా పైకెత్తి పట్టుకోండి, లేదా ఆ సందు పూర్తిగా మూసేయండి, చదవడం ఆగిపోతుంది. ఇది నేర్పుతామంటూ మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ (మధ్య మెదడును మేల్కొలపడం) పేరుతో ఫీజులు కట్టించుకుని పిల్లలకు అబద్ధం అలవాటు చేస్తున్నారు, నాకు బాధ కలిగించేది ఆ రెండోదే.

అపోహ: ప్రాణాయామం చేస్తే ఆస్తమా మందులు మానేయొచ్చు.

డాక్టర్ చెప్పకుండా ఒక్క డోసు కూడా మానకూడదు. నెమ్మదిగా ఊపిరి వదలడం, పెదాలు మూసి తుమ్మెదలా ఝుమ్మనే భ్రామరి చాలామంది పిల్లలకు హాయిగా ఉంటాయి, ఇబ్బంది లేకపోతే చేయించొచ్చు. జలుబుతో ముక్కు మూసుకుపోయిన రోజున, ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన వద్దు. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఎక్కడుందో క్లాసు మొదలయ్యే ముందే తెలుసుకోండి. పిల్లి కూతలు వినిపించినా, మాట్లాడుతూ ఆయాసపడుతున్నా సాధన ఆపించి, డాక్టర్ రాసిచ్చిన ప్రకారం ఇన్‌హేలర్ ఇవ్వండి, తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.