సగం సీట్లు చాలా? ఆఫీసు తరలింపులో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి విజయవాడకు మారే కంపెనీలకు ఆఫీసులు డిజైన్ చేస్తుంటాను. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: ఎవరికీ సొంత సీటు వద్దు, వచ్చినవాళ్లు ఖాళీగా ఉన్నచోట కూర్చుంటారు. పద్ధతి మంచిదే, నేనూ ఇష్టంగానే చేస్తాను. కానీ లెక్క తప్పితే ఇబ్బంది పడేది ఉద్యోగులు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రోజూ సగం మందే వస్తారు, సగం సీట్లు చాలు.

సగటును నమ్ముకుంటే వచ్చే తిప్పలు ఇవే. బెంజ్ సర్కిల్ దగ్గర 80 మందికి ఒక ఆఫీసు చేసేటప్పుడు, గీత గీయకముందే నెల రోజుల హాజరు తెప్పించుకున్నాను. సగటున వచ్చేది 44 మంది. మంగళవారాలు మాత్రం 63. నలభై అయిదు సీట్లతో సరిపెడితే ప్రతి మంగళవారం 18 మంది ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని చోటు వెతుక్కోవాలి. రెండు టీముల మీటింగులు గురువారానికి మార్పించి, 56 సీట్లు వేశాం. భోజనాల బల్లల కిందా ప్లగ్ పాయింట్లు ఇచ్చాం.

ఊరు మారిన కంపెనీకి ఇంకో సంగతి ఉంటుంది. పిల్లల పరీక్షలు అయ్యేదాకా కుటుంబాలు పాత ఊళ్లోనే ఉంటాయి. 2016లో సచివాలయం వెలగపూడికి వచ్చినప్పుడు వారం వారం హైదరాబాద్ వెళ్లొచ్చిన ఉద్యోగులను మనం చూశాం. ఇలాంటివాళ్లు సోమవారం పొద్దున రైలు దిగి, భుజాన బ్యాగుతో నేరుగా ఆఫీసుకే వస్తారు. ఆ బ్యాగుకు ప్లానులో చోటే ఉండదు. దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని రోజంతా కూర్చుంటారు. నేను గుమ్మం పక్కనే లోతైన అరలు పెట్టిస్తాను, ట్రాలీ సూట్‌కేసు నిలువుగా పట్టేలా. పక్కనే మొహం కడుక్కోవడానికి ఒక బేసిన్, అద్దం.

అపోహ: సొంత సీటే లేనప్పుడు సొంత అర ఎందుకు?

1990ల్లో లాస్ ఏంజెలెస్‌లో షియాట్ డే అనే ప్రకటనల సంస్థ ఇలాగే సొంత బల్లలు తీసేసింది. కాగితాలు పెట్టుకునే చోటు చాలక ఉద్యోగులు కార్ల డిక్కీల్లో దాచుకున్నారు. కొన్నేళ్లకే ఆ పద్ధతిని వదిలేశారు. మన దగ్గర అది స్కూటీ డిక్కీ. ఒకావిడ రోజూ సాయంత్రం నోట్‌బుక్, ఛార్జరు, ఏసీ చలికి కప్పుకునే శాలువా మడిచి సీటు కింద సర్దుకోవడం చూశాను. "రేపు ఎక్కడ కూర్చుంటానో తెలీదు కదండీ" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. సీటు పంచుకోవచ్చు, అర మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. 80 మంది ఉంటే తాళాలున్న అరలు 80.

అపోహ: గోడలు తీసేస్తే మాటలు పెరుగుతాయి.

2018లో హార్వర్డ్ పరిశోధకులు, గోడలు తీసేసిన రెండు కంపెనీల్లో కొలిచి చూస్తే ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం తగ్గాయి. మెయిళ్లు పెరిగాయి. అందరి మధ్యా కూర్చున్నప్పుడు మనిషి హెడ్‌సెట్ పెట్టేసుకుంటాడు, అంతే. తలుపున్న చిన్న గదులు కావాలి. ఫోన్ గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ మర్చిపోకండి. లేకపోతే పది నిమిషాల్లో ఉక్కపోతకు తలుపు తీసేస్తారు, ఇక ఆ గది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

అపోహ: ఏసీకి చదరపు అడుగుల లెక్క చాలు.

ఊరికే కూర్చున్న మనిషి కూడా 100 వాట్లకు పైగా వేడి వదులుతాడు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి సుమారు 3,500 వాట్లు. మీటింగ్ గదిలో 12 మంది కూర్చుంటే అందులో మూడో వంతు వాళ్లకే పోతుంది. ల్యాప్‌టాప్‌లు, టీవీ, పడమటి అద్దంలోంచి వచ్చే మే నెల ఎండ వేరే. అడుగులతో పాటు తలలూ లెక్కపెట్టాలి.

అపోహ: ప్యాంట్రీ ఏ మూలన ఉన్నా పర్లేదు.

ఒంటిగంటంపావుకు 50 క్యారేజీలు ఒకేసారి తెరుచుకుంటాయి. గోంగూర పప్పు, చేపల పులుసు, పెరుగన్నం. అరగంట తర్వాత ఆ డబ్బాలన్నీ ఒకే సింకు ముందు వరసలో ఉంటాయి. తినే చోటికి తలుపు, మంచి ఎగ్జాస్ట్, కనీసం మూడు సింకులు అడుగుతాను. ఖర్చు తగ్గించమంటే రిసెప్షన్ గోడకు వేసే రాయిలో తగ్గిస్తాను, సింకుల్లో తగ్గించను.