స్టేజ్ 2 రీమ్యాప్ కంటే ముందు టైర్ల సంగతి చూడండి

ట్రాక్ డే, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజు, స్లాట్ బుక్ అవ్వగానే మనవాళ్ళు ముందు చేసే పని ట్యూనర్‌కి ఫోన్ కొట్టడం, ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచే రీమ్యాప్ కోసం. స్టేజ్ 1 అయితే ఎంత, స్టేజ్ 2 అయితే ఎంత, టర్బో నుంచి పొగని బయటికి పంపే డౌన్‌పైప్ కూడా మారిస్తే ఇంకో 30 హార్స్‌పవర్ వస్తుందా అని. పవర్ వద్దని ఎవరూ అనరు గానీ, ల్యాప్ టైమ్ తగ్గడమే కావాలంటే డబ్బులు పెట్టాల్సిన వరసలో అది చిట్టచివరిది, ఎందుకంటే గాలి ఊరుకోదు. స్పీడ్ పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం స్పీడ్ స్క్వేర్‌తో పెరుగుతుంది, ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి ఇంజన్ పెట్టాల్సిన పవర్ క్యూబ్‌తో పెరుగుతుంది. గంటకి 200 కిలోమీటర్లలో వెళ్ళే కారు 220లో వెళ్ళాలంటే స్పీడ్ పెరిగేది 10 శాతం, ఒక్క గాలి కోసమే ఖర్చయ్యే పవర్ పెరిగేది 33 శాతం. అంత చేసి ఆ 220 దొరికేది స్ట్రెయిట్ చివర కాసేపే, ఆ తర్వాత బ్రేకు కొట్టాల్సిందే. పైగా చెన్నై ఎండలో 40 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలితో పోలిస్తే 8 శాతం పల్చగా ఉంటుంది, కొన్న పవర్‌లో కొంత అక్కడే ఆవిరి. టర్బో ఉంటే కొంత సర్దుకుంటుంది, కానీ అది కూడా వేడెక్కి అలిసిపోతుంది.

మరి టైమ్ ఎక్కడుంది అంటే టైర్ల కింద ఉంది. 1500 కిలోల కారు, టైర్లలో 32 పీఎస్ఐ గాలి అనుకోండి. బరువుని నాలుగుతో భాగించి గాలి ప్రెషర్‌తో భాగిస్తే ఒక్కో టైరు రోడ్డుని తాకే జాగా సుమారు 165 చదరపు సెంటీమీటర్లు, అంటే మన అరచెయ్యి వేళ్ళతో సహా ఆనిస్తే ఎంతో అంత. యాక్సిలరేటర్, బ్రేకు, స్టీరింగు, మీరు దేంతో ఏం చేసినా రోడ్డు దాకా చేరేది ఈ నాలుగు చిన్న జాగాల గుండానే.

మలుపులో కారు ఎంత స్పీడ్‌లో పోగలదో చెప్పే ఫార్ములా ఇంటర్‌లో అందరం బట్టీ కొట్టిందే, గ్రిప్ గుణకాన్ని గురుత్వాకర్షణతో, మలుపు రేడియస్‌తో గుణించి వర్గమూలం తీయడం. మంచి రోడ్ టైరుకి పొడి ట్రాక్ మీద ఆ గుణకం 1కి అటూ ఇటూ ఉంటుంది. 50 మీటర్ల రేడియస్ మలుపుకి లెక్క వేస్తే గంటకి 80 కిలోమీటర్లు వస్తుంది. ఇందులో ఇంజన్ ఎక్కడా లేదు చూడండి. కారు బరువు కూడా లేదు, కొట్టేసుకుపోతుంది. అలాగైతే లోటస్ వాళ్ళు 1996లో మొదటి ఎలీజ్‌ని 725 కిలోలకే ఎందుకు కుదించారు అనే డౌట్ రావాలి. కారణం ఏంటంటే టైరు ఫార్ములాలో ఉన్నంత బుద్ధిగా ఉండదు, దాని మీద రెట్టింపు బరువు వేస్తే గ్రిప్ రెట్టింపు అవ్వదు, అంతకంటే కొంచెం తక్కువే వస్తుంది. అందుకే బరువైన కారు అదే టైర్ల మీద ఎప్పుడూ కాస్త నష్టంలోనే ఉంటుంది, టైర్లని కూడా తొందరగా వేడెక్కించి చంపేస్తుంది.

టైరు మారిస్తే ఏమొస్తుందో ఇదే ఫార్ములా చెప్తుంది. గ్రిప్ 10 శాతం పెరిగితే ఆ 80 మలుపు 84 అవుతుంది, బ్రేకింగ్ దూరం 9 శాతం తగ్గుతుంది, అదీ ప్రతి మలుపులోనూ, ప్రతి బ్రేకింగ్‌లోనూ. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 లాంటి సెమీ స్లిక్ టైర్ల మీద, అంటే రేసు టైర్లకి దగ్గరగా ఉండే రోడ్ టైర్ల మీద, జనం అంత డబ్బు పోసేది అందుకే. వానలో మాత్రం వాటితో జాగ్రత్త, టైరు మీద గాడులు తక్కువ, నీళ్ళని పక్కకి తోయలేవు.

ఇక ఒక్క రూపాయి పెట్టకుండా చేసే పని రేడియస్ పెంచుకోవడం. ట్రాక్ వెడల్పు మొత్తం వాడుకుని, బయట అంచు నుంచి మలుపు లోపలి అంచు బిందువు, అంటే ఎపెక్స్, తాకి మళ్ళీ బయట అంచుకి వెళ్తే, అదే 50 మీటర్ల మలుపుని 70 మీటర్ల రేడియస్‌తో తిరగొచ్చు అనుకుందాం, అప్పుడు స్పీడ్ 80 కాదు, 94. రేసింగ్ లైన్ అని అందరూ చెప్పేదాని వెనకున్న లెక్క ఇంతే. కానీ కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు, మలుపు మధ్యలో ఎక్కువ స్పీడ్ ఉంటే చాలనుకుంటారు. దాని తర్వాత ఏముంది అన్నది అసలు ప్రశ్న.

గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ తీసుకోండి, 5.125 కిలోమీటర్లు, 16 మలుపులు. అందులో టర్న్ 3 గట్టి మలుపు, అది దాటగానే టర్న్ 4 దాకా కిలోమీటరు పైన స్ట్రెయిట్. ఇద్దరు ఒకేరకం చిన్న టర్బో హ్యాచ్‌బ్యాక్‌లలో టర్న్ 3 నుంచి బయటికొచ్చారు, ఒకరు 80లో, ఇంకొకరు 85లో. ఆ స్పీడ్ దగ్గర కారు యాక్సిలరేషన్ ప్రతి సెకనుకీ సెకనుకి 2.5 మీటర్ల స్పీడ్ చొప్పున అనుకుంటే, 80 అతను 85 అందుకోవడానికి 0.55 సెకను పడుతుంది, ఈలోగా 13 మీటర్లు ముందుకి వస్తాడు. 85 అతనికి ఆ అరసెకను ఖర్చే లేదు, బదులుగా ఆ 13 మీటర్లు స్ట్రెయిట్ చివర్లో 170 స్పీడ్ మీద నడపాలి, దానికి 0.27 సెకను. తీసేస్తే నికర లాభం 0.28 సెకను. ఇప్పుడు మూడో మనిషిని చూడండి, ఎగ్జిట్ పట్టించుకోడు, స్ట్రెయిట్ చివర 5 మీటర్లు లేటుగా బ్రేకు కొడతాడు, ఇన్నాళ్ళూ తొందరగా బ్రేకు కొట్టి చివర్లో 80లో పాకుతున్న ఆ 5 మీటర్లని ఇప్పుడు 170లో దాటుతున్నాడు. అతనికి మిగిలింది 0.12 సెకను. గుండె గొంతులోకి వచ్చేంత రిస్కు అతనిది, రెట్టింపు పైన లాభం 85లో బయటికొచ్చినవాడిది.

ఈ లెక్కలోంచి ఇంకో విషయం కూడా బయటపడుతుంది, చాలామంది గమనించరు. కారు యాక్సిలరేషన్ 2.5 కాకుండా 5 ఉందనుకోండి, అంటే నిజంగా స్పోర్ట్స్ కారు, స్ట్రెయిట్ చివరికి 230 కొడుతుంది. అదే 5 కిలోమీటర్ల తేడా దానికి మిగిల్చేది 0.18 సెకనే, ఎందుకంటే ఆ 5 కిలోమీటర్లని అది చిటికెలో సంపాదించుకుంటుంది. కాబట్టి పవర్ తక్కువున్న కారుకి మలుపులో స్పీడ్ పోగొట్టుకోకపోవడం ప్రాణం, పవర్ ఎక్కువున్న కారుకి తొందరగా ముక్కు తిప్పేసుకుని స్టీరింగ్ నిటారు చేసి పెడల్ నొక్కడం ముఖ్యం. ఫోక్స్‌వ్యాగన్ పోలో లాంటి చిన్న కారులో నేర్చుకున్న లైన్ యథాతథంగా పోర్షే 911 లాంటి స్పోర్ట్స్ కారులో వాడితే సరిగ్గా కుదరకపోవడానికి ఇదొక కారణం. ఎఫ్1 వీడియోలు చూసి నేర్చుకోవడం అయితే ఇంకా దండగ. ఇదే బుద్ధ్‌లో 2011లో ఎఫ్1 డ్రైవర్ వెటెల్ 1:27.249 ల్యాప్ కొట్టాడు, కానీ ఆ కారుని గాలి కిందకి నొక్కుతుంది, స్పీడ్ పెరిగితే గ్రిప్ కూడా పెరుగుతుంది, మన కార్లకి ఆ భాగ్యం దాదాపు లేనట్టే, మనకున్నది కారు బరువు ఇచ్చే గ్రిప్పే.

ఇప్పుడు అసలు ఇష్టమైన టాపిక్, ట్రెయిల్ బ్రేకింగ్, అంటే మలుపులోకి దిగాక కూడా బ్రేకుని కొద్దికొద్దిగా వదులుతూ పోవడం. డ్రైవింగ్ స్కూల్లో నేర్పేది స్ట్రెయిట్‌లోనే బ్రేకింగ్ మొత్తం ముగించి, వదిలేసి, అప్పుడు తిప్పమని, కొత్తలో అది మంచిదే, రోడ్డు మీద ఎప్పటికీ అదే మంచిది. కానీ టైరు లెక్క వేరేగా ఉంటుంది. బ్రేకింగ్ బలం వెనక్కి, తిప్పే బలం పక్కకి, రెండూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి, కాబట్టి మామూలు కూడికలా కలవవు, పైథాగరస్ లెక్కన కలుస్తాయి. టైరు శక్తిలో 80 శాతం బ్రేకుకి వాడుతుంటే తిప్పడానికి మిగిలేది 20 కాదు, 60 శాతం. ఇంకా విచిత్రం, 100 నుంచి 95కి బ్రేకు కాస్త వదిలితే చాలు, తిప్పడానికి 31 శాతం వచ్చేస్తుంది. ఐదు ఇస్తే ముప్పై ఒకటి! అందుకే అనుభవం ఉన్న డ్రైవర్లు మలుపులోకి దిగాక కూడా బ్రేకు మీద కాలుని కొద్దికొద్దిగా తేలిక చేస్తూ, అదే లెక్కన స్టీరింగ్ పెంచుతూ పోతారు. బ్రేకు పూర్తిగా వదిలేసి కాసేపు ఏమీ నొక్కకుండా దొర్లుతూ పోయే ఆ ఖాళీ సమయంలో టైరు సగం ఖాళీగా కూర్చుంటుంది, చాలామంది ల్యాప్‌లో పెద్ద మొత్తం పోయేది అక్కడే. ఎగ్జిట్‌లో ఇదే కథ తిరగేసి, స్టీరింగ్ కాస్త విప్పితే యాక్సిలరేటర్‌కి బోలెడు చోటు.

దీనికి ఇంకో లాభం ఉంది, బ్రేకు కొట్టినప్పుడు బరువు ముందుకి వాలుతుంది. మన 1500 కిలోల కారుకి గురుత్వ కేంద్రం అర మీటరు ఎత్తులో, చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లు అనుకుంటే, 1జీ బ్రేకింగ్‌లో, అంటే గురుత్వాకర్షణ అంత బలంతో బ్రేకు పడితే, 300 కిలోలు వెనక టైర్ల నుంచి ముందు టైర్లకి మారిపోతాయి. ముందు టైర్లు నేలని గట్టిగా పట్టుకుంటాయి, ముక్కు చక్కగా తిరుగుతుంది. కానీ అదే 300 కిలోలు వెనక లేనట్టే కదా, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఠక్కున తీసేసినా, బ్రేకు మీద తన్నినా వెనక భాగం ముందుకి వచ్చేస్తుంది. అందుకే ఈ పని మొదట నెమ్మది మలుపులో, బయట బోలెడు ఖాళీ స్థలం ఉన్న చోట, స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో పెట్టి చెయ్యాలి, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటే మరీ మంచిది.

బ్రేకుల వేడి సంగతి చాలామంది పెడల్ నేలకి అంటుకునే దాకా నమ్మరు. 1500 కిలోల కారుని 200 నుంచి 80కి తేవాలంటే సుమారు 19 లక్షల జూళ్ళ శక్తిని వేడిగా మార్చి డిస్కుల్లో పోయాలి. ఆ వేడితో 30 డిగ్రీల నీళ్ళు ఆరున్నర లీటర్లు మరిగే దాకా కాగుతాయి. ఒక్క బ్రేకింగ్‌కి, నాలుగైదు సెకన్లలో! ఇలా ల్యాప్‌కి ఎన్ని బ్రేకింగ్‌లు, సెషన్‌కి ఎన్ని ల్యాప్‌లు లెక్క వేసుకోండి. ఆ వేడి ప్యాడ్ గుండా, దాన్ని డిస్కుకి నొక్కే కాలిపర్‌లోకి, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌లోకి పాకుతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, కానీ దానికి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది, తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి, ద్రవం నొక్కితే నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, మీరెంత తొక్కినా ఆ బుడగలే నలుగుతాయి, ప్యాడ్ దాకా బలం చేరదు. సముద్రం పక్కన ఉండే చెన్నై, వైజాగ్ గాలిలో తేమ గురించి చెప్పక్కర్లేదు, అందుకే ట్రాక్ డేకి ముందు కొత్త ఆయిల్, కుదిరితే 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ పోయించడం ఎగ్జాస్ట్ మార్చుకోవడం కంటే వంద రెట్లు నయం. సెషన్ చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పి డిస్కులకి గాలి తగలనివ్వాలి, పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యకుండా గేరులో వదిలి చక్రం కింద చెక్క పెట్టాలి, లేకపోతే కాలుతున్న ప్యాడ్ కాలుతున్న డిస్కుని ఒకే చోట పట్టుకుని కూర్చుంటుంది.

ఇవన్నీ చేశాక టైమ్ తగ్గిందో లేదో మీ ఫీలింగ్ చెప్పలేదు, ఫీలింగ్ అబద్ధాలాడుతుంది, టైర్లు కీచుమన్న ల్యాప్ ఎప్పుడూ ఫాస్ట్‌గా అనిపిస్తుంది. మామూలు ఫోన్ జీపీఎస్ సెకనుకి ఒకసారే కొలుస్తుంది, 200 స్పీడ్‌లో ఆ సెకనులో కారు 55 మీటర్లు దాటేస్తుంది, ఆ గ్యాప్‌లో మలుపు మొత్తం అయిపోవచ్చు. సెకనుకి 10 సార్లు కొలిచి రికార్డు చేసే చిన్న జీపీఎస్ లాగర్ కొనుక్కుంటే 5 మీటర్లకి ఒక పాయింట్ వస్తుంది. దాంట్లో మొత్తం ల్యాప్ టైమ్ చూడకండి, మీదే ఫాస్ట్ ల్యాప్‌నీ మామూలు ల్యాప్‌నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఏ మలుపు దగ్గర తేడా మొదలైందో చూడండి. తేడా స్ట్రెయిట్ మధ్యలో పెద్దగా కనిపిస్తుంది, కానీ పుట్టింది దాని వెనక మలుపులో. ఒక సెషన్‌లో ఒక్క మలుపే మార్చండి, నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

టైర్ ప్రెషర్‌ని అందరూ చివరికి వదిలేస్తారు, నేనూ చివరే చెప్తున్నాను గానీ ఇది ఉదయం చేసే మొదటి పని. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ కొట్టి ట్రాక్ మీదకెళ్తే, లోపలి గాలి 80 డిగ్రీలకి చేరేసరికి అది 40 దగ్గరికి వస్తుంది. టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలని వదిలేస్తాయి, ఇందాక చెప్పిన అరచెయ్యి ఇంకా చిన్నదైపోతుంది. అందుకే చూడాల్సింది వేడి ప్రెషర్, పిట్‌లోకి రాగానే గేజ్ పెట్టి, టైరు కంపెనీ చెప్పిన వేడి ప్రెషర్‌కి వచ్చే దాకా కొద్దికొద్దిగా గాలి తీయాలి, నాలుగు టైర్లకీ విడివిడిగా, ఎందుకంటే కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఎడమ టైర్లు ఎక్కువ కాగుతాయి. సొంత గేజ్ ఉండాలి, బంకు గేజ్‌ని నమ్ముకోకండి. అలాగే కారు ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చదవండి, రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ అవ్వవని మన దేశంలో పాలసీల మీదే రాసుంటుంది, గోడకి తగిలితే ఖర్చు పూర్తిగా మీదే.

ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ట్రాక్ నుంచి నెల్లూరు మీదుగా విజయవాడకో హైదరాబాద్‌కో సాయంత్రం బయల్దేరేవాళ్ళు ఈ గాలి తీసిన సంగతి మర్చిపోతారు. టైర్లు చల్లారాక అవి ఏ 25 దగ్గరో ఉంటాయి, ఆ ప్రెషర్‌తో నలుగురు మనుషులు, లగేజీతో హైవే మీద రాత్రంతా నడిపితే సైడ్‌వాల్ నలిగి నలిగి వేడెక్కుతుంది. గేటు దాటాక మొదటి బంకులోనే ఆగి గాలి కొట్టించుకోండి, స్పేర్ టైరు డిక్కీలోంచి తీసి పిట్‌లో పెట్టుంటే అది కూడా గుర్తుపెట్టుకుని ఎక్కించుకోండి.