జిగురు లేని అతుకు

చిరంజీవులు బుజ్జమ్మకీ చంటిగాడికీ తాతయ్య దీవెనలు.

మొన్న ఆదివారం బుజ్జమ్మ ఫోన్లో ఏదో అడిగింది. అప్పుడు నేను చేనుగట్టు మీద ఉన్నాను. పక్కనే ట్రాక్టరు దమ్ము చేస్తోంది, ఆ మోతలో సగమే వినబడింది. రాత్రి మీ అమ్మకి ఫోన్ చేసి మళ్ళీ కనుక్కున్నాను. "ఇనుముని ఇనుముకి అంటించే జిగురు ఏది తాతయ్యా? అన్నయ్యని అడిగితే తెలీదన్నాడు. నెల రోజులుగా రేకు ముక్క మీద గీతలే పెట్టిస్తున్నారట."

ఇంటర్ అయిపోయింది, ఐటీఐలో వెల్డర్ సీటు వచ్చేదాకా ఖాళీగా ఎందుకని మీ అన్నయ్య వెల్డింగ్ షాపులో చేరాడు కదా. వాడితో అనకండి గానీ, వాడు వాళ్ళ మేస్త్రీని అడగాల్సింది నువ్వు నన్ను అడిగావు.

జిగురు లేదమ్మా.

కాలవకి నీళ్ళు వదిలారు, సార్వా పనులు మొదలయ్యాయి. పోయిన వారం మన పల్లపు చేను గట్టుకి గండి పడింది. పాలేరు కుర్రాడు గబగబా ఎండిన బెడ్డలు నాలుగు తెచ్చి అందులో పడేశాడు. చూడ్డానికి గండి పూడినట్టే ఉంది. అరగంటకి బెడ్డల సందుల్లోంచి నీళ్ళు మళ్ళీ బుడబుడా పోవడం మొదలు. అప్పుడు పెద్దాయన దిగి పార తీసుకున్నాడు. ముందు ఆ బెడ్డలన్నీ తీసేశాడు. గండికి రెండు పక్కలా ఎండి గట్టిపడిన మట్టిని, లోపలి తడి మట్టి కనబడేదాకా చెక్కాడు. చేలోంచి జిగట ఒండ్రు తీసి అందులో వేసి కాలితో తొక్కాడు. ఆ ఒండ్రు అటు మట్టితో, ఇటు మట్టితో కలిసిపోయింది. సాయంత్రానికి పాత గట్టేదో కొత్త మట్టేదో నాకే తెలీలేదు.

వెల్డింగ్ కూడా గండి పూడ్చడమే. మట్టి మెత్తబడాలంటే నీళ్ళు చాలు. ఇనుము కరగాలంటే ఇంచుమించు 1500 డిగ్రీల వేడి కావాలి. వెల్డర్ చేతిలో ఇనప పుల్లలాంటి రాడ్డు ఉంటుంది, దాని కొనకీ ఇనుముకీ మధ్య కరెంటు దూకుతుంది చూశారా, ఆ మెరుపులో వేడి దానికి రెండింతల పైమాటే. ఆ వేడికి ఇటు అంచూ కరుగుతుంది, అటు అంచూ కరుగుతుంది, మధ్యలో రాడ్డు కూడా కరిగి ఒండ్రులా పడుతుంది. మూడూ కలిసి చిన్న గుంటలా నిలిచి, రాడ్డు ముందుకి జరగగానే వెనక గడ్డకడుతుంది. ఇక అవి రెండు ముక్కలు కావు.

ఎండిన బెడ్డకి కొత్త మట్టి పట్టనట్టే తుప్పుకీ, రంగుకీ, గ్రీజుకీ వెల్డింగ్ పట్టదు. అందుకే ముందు గ్రైండరుతో తెల్లగా మెరిసేదాకా గీకుతారు. గట్టుకి ఇంకో శత్రువు ఎండ్రకాయ. పైకి గట్టు నున్నగా ఉంటుంది, లోపల బొరియ ఉంటుంది. వెల్డింగులో ఆ ఎండ్రకాయ గాలి. కరిగిన ఇనుములోకి గాలి దూరితే లోపల బుడగలు నిలిచిపోతాయి. దూరకుండా ఉండాలనే రాడ్డుకి పైన మందు పూత ఉంటుంది. అది కాలి పొగై చుట్టూ గాలిని నెట్టేస్తుంది, మిగిలింది కరిగి అతుకు మీద పెంకులా కప్పుకుంటుంది. ఆ పెంకుని షాపులో స్లాగ్ అంటారు. కమ్మరి కొలిమిలో వచ్చేదాన్ని మా చిన్నప్పుడు చిట్టెం అనేవాళ్ళు. గండి పూడ్చాక గట్టు మీద గడ్డి కప్పుతాం కదా, అలాంటిది అనుకోండి. కాదులే, గడ్డిని ఉంచుతాం, స్లాగుని సుత్తితో కొట్టి తీసేస్తాం. పోలిక ఇక్కడ కాస్త కుంటుతోంది. అయినా నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు. ఎండ్రకాయని మాత్రం మర్చిపోకండి. మన కోనసీమ వానల్లో రాడ్లు చెమ్మ పట్టాయంటే బొరియలే బొరియలు. మా మేస్త్రీ రాడ్ల పెట్టెని పొయ్యి పక్కన పెట్టించేవాడు.

ఇక అన్నయ్య రేకు మీద రాడ్డుతో పెట్టే గీతల సంగతి. మామూలుగా వాడే రాడ్డు లోపలి చువ్వ 3.15 మిల్లీమీటర్ల లావుంటుంది. దాని కొనకీ ఇనుముకీ మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే ఉండాలి. ఎడం పెరిగితే ఇనుము చిట్లి చుట్టూ చిందుతుంది, మరీ తగ్గితే రాడ్డు అతుక్కుపోయి, దాన్ని పట్టుకునే హోల్డరుతో పాటు ఊగులాడుతుంది. పైగా రాడ్డు కాలిపోతూ పొట్టిదవుతూ ఉంటుంది. అంటే చెయ్యి ముందుకి జరుగుతూనే, కిందకి కూడా దిగుతూ ఉండాలి, ఎడం మారకూడదు. రాడ్డంతా నిమిషం, నిమిషమున్నరలో అయిపోతుంది. కళ్ళకి అడ్డం పెట్టుకునే నల్లద్దంలోంచి ఆ గుంట తప్ప ఇంకేం కనబడదు. కంటికి అందనిది చెవి చెబుతుంది. ఎడం సరిగ్గా ఉంటే నూనెలో బజ్జీలు వేగుతున్న చప్పుడు, ఆగకుండా. తప్పితే చిటపట. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, అందుకే గీతలు. నెల కాదు, రెండు నెలలు పెట్టినా ఎక్కువేం కాదు.

నేను మండపేటలో ఒక షాపులో చేరినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఇప్పుడు ఆ వయసు పిల్లల్ని ఇలాంటి పనిలో పెడితే నేరం, పెట్టకపోవడమే మంచిది. ఆరు నెలలు టీలు తేవడం, స్లాగు కొట్టడం, ఎర్తు క్లిప్పు తగిలించడం, ఇదే నా చదువు. ఒకరోజు మేస్త్రీ చూడకుండా అద్దం లేకుండానే నాలుగైదు చుక్కలు పెట్టాను. అప్పుడేం కాలేదు. రాత్రి తొమ్మిదింటికి కళ్ళలో గుప్పెడు ఇసక పోసినట్టైంది. తెల్లారేదాకా మా మామ్మ పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తూనే ఉంది. నిప్పుల్ని చూస్తే కళ్ళు పోతాయనుకున్నాను గానీ, దెబ్బ కొట్టేది నిప్పులు కాదు, ఆ వెలుగులో మనకి కనబడని కిరణాలు. అది తర్వాత తెలిసింది. దారిలో ఎక్కడ వెల్డింగ్ చేస్తున్నా కళ్ళు తిప్పేసుకోండి. చంటీ, నిన్నే.

ఆ ఏడే దమ్ముల రోజుల్లో ఒక రైతు ట్రాక్టరు ఇనప చక్రం పట్టుకొచ్చాడు. చక్రానికి అడ్డపట్టీ ఒకటి ఊడింది. షాపు నిండా జనం. మేస్త్రీ "నువ్వు వెయ్యరా" అన్నాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు. పట్టీకి అంటిన బురద పైపైన తుడిచి, గీకకుండా లాగించేశాను. అతుకు మీద గీత పులస పొలుసుల్లా వరసగా వచ్చింది. నలుగురికీ చూపించాను కూడా. మర్నాడు మధ్యాహ్నం రైతు మళ్ళీ వచ్చాడు. నడి చేలో పట్టీ ఊడిపోయిందట, బురదలో వెతికి తెచ్చాడు. మేస్త్రీ తిట్టలేదు. ఊడిన చోట వేలు పెట్టి చూపించాడు. పట్టీ పాత అంచు రంపంతో కోసినట్టు తిన్నగా అలాగే ఉంది, కరగనే లేదు. నా పొలుసులన్నీ ఒక ముక్కగా పక్కకి వచ్చేశాయి. "పైన పూశావురా, లోపల పట్టలేదు" అన్నాడు. అంతే. ఆ సాయంత్రమంతా ఆ చక్రాన్ని నాతోనే గీకించాడు.

మీ అమ్మకి అన్నయ్య చేతిపని నేర్చుకోవడం కొంచెం నామోషీగా ఉందని నాకు తెలుసు. ఐటీఐలో ఏడాది, ఆ తర్వాత ఏదైనా ఫ్యాక్టరీలో స్టైపెండుతో అప్రెంటిస్. 1961లోనే దానికి చట్టం ఉంది. బుద్ధిగా నేర్చుకుంటే ఎక్కడైనా బతుకుతాడు. ఈ మాట అమ్మకి వినబడేలా చదవండి.

కరెంటు గాలిలోంచి ఎలా దూకుతుందో మాత్రం నన్నడక్కండి, సైన్సు మాస్టారిని అడగండి. నాకు తెలిసింది ఆ గుంట ఒక్కటే. బొటనవేలి గోరంత ఉంటుంది. నల్లద్దంలోంచి చూస్తే నారింజ రంగు నీళ్ళలా వణుకుతూ, సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. అది ఇనుమంటే నమ్మబుద్ధి కాదు. నలభై ఏళ్ళు చూశాను, ఒక్కరోజూ విసుగు పుట్టలేదు.

మీ రాజమండ్రిలోనే పాత హేవలాక్ వంతెన ఉంది. 1900లో దాని మీద రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆపేశారు. అది కట్టిన కాలంలో వంతెనలకి వెల్డింగ్ లేదు. ఇనప పలకల్ని గుండు తల మేకుల్లాంటి రివెట్లు కొట్టి కలిపారు. నాన్నతో ఘాటుకి వెళ్ళినప్పుడు కనబడితే చూడండి, బొత్తాల్లా వరసలు.

దానికంటే ముందు మీ ఇంట్లోనే చూడండి. వంటింటి కిటికీ గ్రిల్లు నాలుగు మూలలూ వేలితో తడమండి. ఎక్కడ పొలుసులున్నాయో, ఎక్కడ ముద్ద పెట్టి రంగు పూసేశారో, ఎక్కడైనా ఎండ్రకాయ బొరియ ఉందేమో. చంటిగాడి సైకిలు సీటు కింద కూడా. ఆదివారం ఫోన్లో చెప్పండి, ఈసారి ట్రాక్టరుకి దూరంగా వచ్చి మాట్లాడతాను.

మీ తాతయ్య