అకశేరుకాల్లో ఎండోకన్నాబినాయిడ్లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పండ్ల ఈగల నాడీవ్యవస్థపై పనిచేస్తున్న నాకు, తార్నాక, కోఠీ వైపు కళాశాలల్లో జువాలజీ విద్యార్థులతో మాట్లాడే సందర్భాల్లో, ఎండోకన్నాబినాయిడ్ల గురించి, అంటే జంతువుల కణాలు కొవ్వుల నుంచి తయారుచేసుకునే కొన్ని సంకేత అణువుల గురించి, కొన్ని అభిప్రాయాలు పదే పదే ఎదురవుతుంటాయి. అణువు, దాన్ని తయారుచేసే ఎంజైమ్, దాన్ని గుర్తించే గ్రాహకం అనే మూడింటినీ విడదీయరాని ఒకే వ్యవస్థగా భావించడమే వాటిలో చాలావాటికి మూలం. అకశేరుకాల్లో ఈ మూడూ కలిసే ఉండాలన్న నియమమేమీ లేదు.

అపోహ: ఇవి గంజాయి వల్ల ఒంట్లో చేరే పదార్థాలు.

వాస్తవం: కావు. కణాలు తమ పొరల్లోని కొవ్వుల నుంచి స్వయంగా తయారుచేసుకునే అణువులివి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ పనిచేసే సీబీ1 అనే కన్నాబినాయిడ్ గ్రాహకపు జన్యువు 1990లో తెలిసింది. 1992లో జెరూసలేంలోని రఫేల్ మెషులమ్ బృందం పంది మెదడు నుంచి ఆనందమైడ్ అనే ఎండోకన్నాబినాయిడ్‌ను వేరుచేసింది. రెండో ముఖ్యమైన అణువు 2-ఏజీ (2-అరాకిడోనోయిల్ గ్లిసరాల్) 1995లో వెలుగులోకి వచ్చింది.

అపోహ: సీబీ1, సీబీ2 గ్రాహకాలు జంతువులన్నిటిలోనూ ఉంటాయి.

వాస్తవం: ఎక్కువగా కనిపించే మాట ఇదే. ఈ రెండు గ్రాహకాలూ సకశేరుకాలవి. వెన్నెముక లేని జీవుల్లో వీటికి నేరుగా బంధువనదగిన జన్యువు సయోనా, ఆంఫియాక్సస్ వంటి, సకశేరుకాలకు అతి దగ్గరి జీవుల్లో మాత్రమే దొరికింది. తేనెటీగ, పండ్ల ఈగ సహా కొన్ని కీటకాల్లో వెతికి, అవి లేవని 2001లోనే ప్రచురించారు. 1990లలో జలగ నుంచి వచ్చిందంటూ ఒక గ్రాహకపు జన్యుక్రమం ప్రచురితమైంది కానీ, 1998లో దాన్ని మళ్లీ పరిశీలించినప్పుడు అందులో కొంత భాగం కన్నాబినాయిడ్ గ్రాహకాన్నీ, మిగతాది మెలనోకార్టిన్ గ్రాహకం అనే వేరే రకం గ్రాహకాన్నీ పోలి ఉందని తేలింది. పాత సమీక్షా వ్యాసాలు చదివేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అపోహ: అయితే సీబీ గ్రాహకం లేని జీవిలో ఈ అణువులకు పనేమీ ఉండదు.

వాస్తవం: తాళం మారినంత మాత్రాన తాళంచెవి వృథా కాదు. హైడ్రా అనే చిన్న నీటి జీవిలో ఆనందమైడ్ ఉంది; ఆహారాన్ని పసిగట్టి నోరు తెరిచే ప్రతిస్పందనను అది తగ్గిస్తుందని 1999లో చూపించారు. ముళ్లతో ఉండే సముద్ర జీవి సీ అర్చిన్‌లో అది శుక్రకణాల ఫలదీకరణ సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. పశువుల నెత్తురు పీల్చే పిడుదుల జాతికి చెందిన ఒక జీవి లాలాజల గ్రంథుల్లోనూ ఆనందమైడ్ కనిపించింది. జలగలోనైతే 2-ఏజీ, మిరపకాయ ఘాటును మనకు తెలియజేసే టీఆర్‌పీవీ1ను పోలిన అయాన్ ద్వారం మీద పనిచేసి, నొప్పి సంకేతాలను మోసే నాడీకణాల మధ్య ప్రసారాన్ని తగ్గిస్తుంది. జలగల మీద జరిగిన ఈ పనికి రావలసినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం.

అపోహ: కీటకాల్లో వెతకవలసిందేమీ లేదు.

వాస్తవం: ఆనందమైడ్, 2-ఏజీ రెండింటికీ అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కావాలి. అది పండ్ల ఈగలో దాదాపు ఉండదు. మేము ఈగలకు పెట్టే మేత మొక్కజొన్న పిండి, ఈస్ట్, చక్కెర కలిపి ఉడికించినది కనుక అందులోనూ దానికి చోటు లేదు, లినోలిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఆమ్లం మాత్రం ఉంటుంది. అందుకే ఈగలో 2-ఏజీకి బదులు దాని సోదర అణువైన 2-లినోలియోయిల్ గ్లిసరాల్ ప్రముఖంగా కనిపిస్తుంది. మేతలో అరాకిడోనిక్ ఆమ్లం కలిపితే డింభకాలు దాన్ని వాడుకొని ఆనందమైడ్, 2-ఏజీలను కూడా తయారుచేయగలవు. అంటే యంత్రాంగం ఉంది, ముడిసరుకే వేరు. ఈగ తల నుంచి కొలతలు తీసే విద్యార్థి మేత వివరాలు రాయకపోతే ఆ కొలతలకు అర్థం ఉండదు.

అపోహ: ఆనందమైడ్ ఇస్తే పురుగులకు కూడా మత్తెక్కుతుంది.

వాస్తవం: మత్తును పురుగులో కొలవలేము, తిండిపై ఇష్టాన్ని కొలవగలము. సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో ఎన్‌పీఆర్-19 అనే గ్రాహకం ఈ అణువులకు స్పందిస్తుందని 2017లో తేలింది. ఓరెగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రచురించిన పనిలో, ఆనందమైడ్ ద్రావణంలో ఉంచిన పురుగులు తమకు నచ్చిన బ్యాక్టీరియాను మరింతగానూ, నచ్చనిదాన్ని తక్కువగానూ ఎంచుకున్నాయి. ఎన్‌పీఆర్-19 లేని పురుగుల్లో ఆ ప్రభావం పోయింది. దాని స్థానంలో మనిషి సీబీ1 జన్యువును పెట్టగానే తిరిగి వచ్చింది.