బీకాం క్లాసులో వాతావరణ మార్పు: అపోహలు, వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ వైపు డిగ్రీ కాలేజీల్లో బీకాం, బీఏ పిల్లలకు ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ చెబుతుంటాను. వాళ్లకు ఏమీ తెలియదని కాదు చిక్కు. తెలిసిందే తప్పుగా కుదురుకుని ఉంటుంది. ముందు దాన్ని కదపాలి.

అపోహ: ఓజోన్ పొరకు చిల్లు పడింది, అందులోంచి ఎండ దిగి భూమి కాగుతోంది.

ఏ బ్యాచ్‌లో అడిగినా మొదట వచ్చే జవాబు ఇదే. ఓజోన్ పాఠం, భూమి వేడెక్కే పాఠం పక్కపక్కనే ఉండటం కూడా కారణమని నా అనుమానం. ఓజోన్‌ను తినేసింది ముఖ్యంగా పాత ఫ్రిజ్‌లు, ఏసీల్లో వాడిన సీఎఫ్‌సీ అనే వాయువులు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో వాటికి కళ్లెం పడింది, పొర మెల్లగా కోలుకుంటోంది. భూమి వేడెక్కడం మాత్రం ఆగలేదు. ఎందుకంటే అసలు సంగతి కిందినుంచి పైకి పోయే వేడిది. ఎండకు కాగిన నేల పరారుణ కిరణాలను వదులుతుంది. గాలిలో 99 శాతం ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ వాటిని పట్టించుకోవు. 0.04 శాతమే ఉన్న కార్బన్ డయాక్సైడ్, దానితోపాటు నీటి ఆవిరి పట్టుకుని కొంత మళ్లీ కిందికి పంపుతాయి. ఫార్ములా జోలికి పోకండి. "చలికాలంలో మబ్బు పట్టిన రాత్రి చలి ఎందుకు తగ్గుతుంది?" అని అడగండి. పొలం కాడ కావలి పడుకున్న పిల్లాడు ఒక్కడైనా ఉంటాడు, అక్కణ్నుంచి పాఠం నడుస్తుంది.

అపోహ: పొగ తగ్గిస్తే గాలిలో కార్బన్ తగ్గిపోతుంది.

కొంచెం తగ్గిస్తే, పెరిగే వేగమే తగ్గుతుంది. సైన్స్ పిల్లలూ బోల్తా పడే చోటిది, బీకాం వాళ్లకే త్వరగా ఎక్కుతుంది. బోర్డు మీద ఖాతా గీస్తాను. పరిశ్రమలు రాకముందు ఓపెనింగ్ బ్యాలెన్స్ పది లక్షల పాళ్ల గాలిలో 280 పాళ్ల కార్బన్ డయాక్సైడ్. హవాయిలోని మౌనా లోవాలో 1958లో కొలత మొదలైనప్పుడు 315. ఇప్పుడు 420 దాటింది. ఏటా మనం వేసే జమలో దాదాపు సగం సముద్రాలు, చెట్లు, నేల తీసుకుంటాయి. మిగతాది నిల్వలో కలుస్తుంది. జమ పదో వంతు తగ్గితే క్లోజింగ్ బ్యాలెన్స్ ఏమవుతుంది? "పెరుగుతది సార్, జర తక్కువ పెరుగుతది" అని వెనక బెంచీనుంచే వస్తుంది జవాబు.

అపోహ: మొక్కలు నాటితే సరి.

నాటాలి. కానీ కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న బొగ్గును తవ్వి కాలుస్తున్న లెక్కకు అది చాలదు.

అపోహ: ఇన్ని వానలు పడుతుంటే వేడెక్కడమేంటి?

ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. అందుకే ఎండితే మరీ ఎండుతుంది, కురిస్తే కుండపోతే. 2009లో దేశమంతా కరువు, అదే ఏడు అక్టోబరులో తుంగభద్ర వరద అలంపూర్‌ను ముంచింది. అయితే ఆ ఒక్క ఏడాదిని చూపించి తీర్పు చెప్పకండి. దశాబ్దాల లెక్క చూడాలి.

అపోహ: తప్పంతా ఫ్యాక్టరీలదే, పొలానికేం సంబంధం?

సాగర్ ఆయకట్టు పిల్లలకు ఇది చెప్పడమే కష్టం. నీళ్లు నిలిచిన వరి మడిలో గాలాడక సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి, అదీ వేడిని పట్టుకునే వాయువే. ఆ మాట అనగానే రైతు పిల్లల ముఖాలు మాడిపోతాయి, న్యాయమే. అందుకే ఇప్పటిదాకా చేరిన నిల్వలో ఏ దేశం వాటా ఎంతో చూపించాకే ఇక్కడికి వస్తాను. మీథేన్ గాలిలో సగటున 12 ఏళ్లే ఉంటుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే పుట్టడమే తగ్గుతుంది, మోటారు నడిచే గంటలూ తగ్గుతాయి. మోటారు మాట వినగానే బోరు కింద వరి వేసే ఇళ్ల పిల్లలు ప్రశ్నలు మొదలెడతారు. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వొద్దని వాళ్లకు తప్పక చెప్పండి.